ఎర్ర దారం లేని పట్టీ

బోర్డు ఒక్కటే ఒడ్డుకు వచ్చింది. దాని మీద ఉండాల్సిన చిరంజీవి రాలేదు.

సువాలీ తీరంలో ఉదయం ఎనిమిదిన్నర దాటింది. పోటు తిరిగి ఆటు మొదలై పావుగంట. సూరత్ దగ్గరి సముద్రం సంగతి తెలిసినవాళ్ళు ఆ పావుగంటకు భయపడతారు. పైకి చూస్తే అలలు ఒడ్డువైపే వస్తుంటాయి. అడుగున నీళ్ళు మాత్రం చేతికందిన దాన్నల్లా లోపలికి లాక్కుపోతుంటాయి. అలలు బోర్డును ఇటు తోశాయి. నీళ్ళు మనిషిని అటు తీసుకుపోయాయి.

నీరజ మోకాలి లోతు బురదనీళ్ళలో దిగి బోర్డును పట్టుకుంది. ఫొటోగ్రాఫర్ పరమేశ్ కెమెరా దించేశాడు. జట్టులో మిగిలిన ఇద్దరు సర్ఫర్లు బోర్డులు చంకన పెట్టుకుని నీళ్ళలోకి పరుగెత్తబోతే వాళ్ళకు అడ్డంగా నిలబడి ఆపాడు. ఒకడిని వెతకడమే కష్టంగా ఉంది, ముగ్గురిని వెతకలేం అన్నాడు. కాపలాకు మాట్లాడుకున్న చేపల పడవ అప్పటికే ఇంజను దడదడలాడించుకుంటూ చిరంజీవి పడిన వైపు పోతోంది. టీ రంగు నీళ్ళలో నల్లటి తల ఎక్కడా కనబడడం లేదు.

బోర్డుకు తోకలా వేలాడుతున్న తాడును నీరజ చేత్తో లాక్కుంది. బోర్డును కాలికి కట్టి ఉంచే తాడు అది. సర్ఫింగ్ చేసేవాళ్ళు లీష్ అంటారు. మనిషి పడినా బోర్డు దూరం పోకుండా చూసేది అదే. బోర్డు దగ్గరుంటే మనిషి మునగడు. తాడు చివర చీలమండకు చుట్టే వెడల్పాటి పట్టీ ఉండాలి. సగమే ఉంది.

పట్టీ ఊడిపోలేదు, తెగింది. అదీ కత్తెరతో కోసినట్టు అడ్డంగా, ఒకే గీత మీద. తెగిన అంచును బొటనవేలితో తడిమింది. గసగసాలు అంటుకున్నట్టు వరుసగా సన్నటి గరుకు.

ముడులు.

నేతపని ఇంట్లో పెరిగినదానికి అవేమిటో ఇంకొకరు చెప్పనక్కర్లేదు. అంత చిన్న ముడి వేయగల చేతులు సూరత్ మొత్తంలో ఎన్నో లేవు. వాటిలో రెండు చేతులు ఆమెను ఎత్తుకుని పెంచినవి. నీరజ గుప్పిట మూసింది. చుట్టూ చూసింది. ఎవరూ తన వైపు చూడడం లేదని రూఢి చేసుకుని, ఆ ముక్కను జీన్స్ జేబులో కుక్కింది. అక్కడ ఒక మనిషి మునిగిపోతుంటే తను చేసిన మొదటి పని అది.

ఇరవై రెండు నిమిషాల తరవాత పడవవాళ్ళు చెయ్యి ఊపారు. వలలు కట్టడానికి జాలర్లు నీళ్ళలో పాతిన గుంజ ఒకటి చిరంజీవికి దొరికింది. ఎడమ చేత్తో దాన్ని కరుచుకుని ఉన్నాడు. కుడి చెయ్యి భుజం దగ్గర గూడు జారి, తనది కానట్టు వేలాడుతోంది. ఒడ్డున దింపేసరికి వాడి ముక్కులోంచి, నోట్లోంచి బురదే వస్తోంది. బతికాడు. అక్కడున్న వాళ్ళంతా ఊపిరి పీల్చుకున్నారు. నీరజ మాత్రం జేబు మీంచి చెయ్యి తియ్యలేదు.

* * *

మోజా టేప్స్ అంటే మేజోళ్ళ కంపెనీయా అని పోటీల్లో అందరూ అడిగేవారు. గుజరాతీలో మోజా అంటే అలలు. సూరత్ శివార్లలోని పాండెసరాలో ఉన్న ఆ కార్ఖానాలో బ్యాగులకు, బెల్టులకు, బరువులెత్తే మోకులకు పట్టీలు నేస్తారు. ఓనరు జిగ్నేష్‌భాయ్ కిందటేడు లీష్ పట్టీల వ్యాపారం మీద కన్నేశాడు. అమ్మాలంటే చూపించాలి, చూపించాలంటే కాళ్ళు కావాలి. అలా ముగ్గురు సర్ఫర్లతో జట్టు కట్టాడు. వాళ్ళలో పెద్ద పేరున్నవాడు విశాఖపట్నం జాలరిపేట చిరంజీవి. సూరత్ సముద్రాన్ని మొదటిసారి చూసినప్పుడు, ఇందులో బిస్కెట్ ముంచుకోవచ్చు గానీ సర్ఫింగ్ చెయ్యలేం అని నవ్వాడు. పోటీలు ఎక్కడ జరిగినా, ఫొటోలు మాత్రం కంపెనీ ఉన్న ఊళ్ళోనే తీయాలని సేటు పట్టు.

జట్టు వెంట తిరిగి సామాను సర్ది, టిక్కెట్లు తీసి, ఫొటోలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టే పని నీరజది. ఆ పని ఇప్పించింది ఆమె తండ్రి రాజనర్సు. అదే కార్ఖానాలో మూడో నంబరు మగ్గం ఆయనది. సిరిసిల్ల దగ్గరి ఊరి నుంచి వచ్చి ఇరవై ఆరేళ్ళుగా సూరత్ మగ్గాల మీదే ఉన్నాడు. కాపురం ఆ పక్క పేట వడోద్‌లో. మగ్గాల మోతలో బతికి బతికి చెవులు సగం పోయాయి. అందుకే ఏం మాట్లాడినా వీధి చివరికి వినిపిస్తుంది. బిడ్డ కంప్యూటర్ మీద పనిచేస్తుందని కూడా అట్లాగే చెప్పుకునేవాడు, వీధి చివరికి వినిపించేలా.

బిడ్డ మాత్రం ఇంకోలా చెప్పుకుంది. జట్టుతో మొదటి రోజే చిరంజీవి మాటల్లో మాటగా, మీ నాన్నగారు ఏం చేస్తారని అడిగాడు. డిజైన్ సెక్షన్‌లో హెడ్ అంది నీరజ. నోట్లోంచి వచ్చాక కూడా వెనక్కి తీసుకోవచ్చు. తీసుకోలేదు. ఆ తరవాత జరిగినదంతా ఆ చిన్న అబద్ధం నీడలోనే జరిగింది.

మే నెలలో సూరత్ పక్కనే డుమస్ తీరంలో నల్ల ఇసుక మీద మొదటి ఫొటోషూట్. నెమలిపింఛం రంగు కొత్త పట్టీలు అయిదు వరుసగా పెట్టి తీయాలని సేటు హుకుం. ఆ రంగు అప్పుడే మగ్గం ఎక్కింది, నాలుగు పట్టీలకు సరిపడా మాత్రమే తేలింది. అయిదోదానికి మిగిలింది అతుకున్న ముక్క.

మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు దారాల చుట్ట, అయిపోతే, కొత్త పడుగు దారాలను పాత దారాల కొసలకు ఒక్కొక్కటిగా ముడివేస్తారు. వందల ముడులు, అన్నీ ఒకే వరుసలో. చీరల మగ్గంలో ఆ అతుకు కనబడకపోవడమే పనితనం. రాజనర్సు అతుకు మీద చెయ్యి వేసి రాస్తే గోరుకు కూడా తగలదని పేరు. బరువు మోసే పట్టీలో సంగతి వేరు. అతుకున్న చోట పట్టీకి బలం ఉండదు. అందుకని అక్కడ పక్కన ఒక ఎర్ర దారం వేసి వదులుతారు. ఎర్ర దారం ఉన్నంత మేర ముక్కను మగ్గం దగ్గరే కోసి చెత్తడబ్బాలో వేయాలి. అది కార్ఖానా కట్టడి. ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారి రాజనర్సు దాన్ని దాటాడు. బిడ్డ అడిగిందని దాటాడు.

"ఇగో బిడ్డా, జర జూడు," అన్నాడు ఆ ముక్కను ఆమె చేతిలో పెడుతూ. "ఎర్ర దారం ఉన్నకాడ అతుకున్నట్టు. గిది ఫొటోకే. నీళ్ళల్ల ముంచకు. పనయినంక నాకు తెచ్చియ్యి, నా చేతులతోనే కోసి పారేస్త."

నీరజ పట్టీలు కుట్టించింది, ఇసుక మీద వరుసగా పేర్చింది. పరమేశ్ కెమెరాలోంచి చూస్తూ, ఆ అయిదోదానికి ఏదో ఎర్రగా వేలాడుతోంది చూడు అన్నాడు. అంతే. నీరజ వేళ్ళు వాటంతటవే కదిలాయి.

వడోద్‌లో ఆడవాళ్ళు ఇంట్లో కూర్చుని చీరలకు దారాలు కత్తిరిస్తారు. మిల్లు నుంచి కట్టలు కట్టలుగా వచ్చిన చీరల మీద వేలాడే పోగులన్నీ తీసి నున్నగా చేసి పంపాలి. తల్లి ఐలమ్మ పక్కన కూర్చుని నీరజ ఆరేళ్ళ వయసు నుంచి ఆ పని చేసింది. వేలాడే దారం కనబడితే ఆ ఇంటి ఆడవాళ్ళ చెయ్యి ఊరుకోదు. పెళ్ళిళ్ళలో ముక్కూమొహం తెలియని వాళ్ళ చీరల మీది పోగులు కూడా పీకేస్తారు. ఎర్ర దారం సర్రున ఊడి వచ్చింది. ఇసుకలో పారేసింది. పరమేశ్ శభాష్ అన్నాడు. ఆ తరవాత ఎండ మారుతోందని తొందరపెట్టాడు. సాయంత్రానికి అయిదు పట్టీలూ ఒకే సంచిలోకి చేరాయి.

ఆ ఎర్ర దారం ఎందుకుందో ఆమెకు గుర్తొచ్చింది మూడు రోజుల తరవాత, మంగళూరు పోటీకి పోతున్న రైల్లో, రత్నగిరి దాటాక ఒక సొరంగంలో. సొరంగం అయిపోయేలోగా సంచి విప్పింది. అయిదు పట్టీలూ ఒకేలా ఉన్నాయి. ఒక్కోదాన్ని వంచి, మెలితిప్పి, గోటితో గీకి చూసింది. లోపల మెత్తటి స్పాంజి వేసి కుట్టేశారు. ముడులు తెలిసేలా లేవు. తండ్రి వేసిన ముడి దొరకకూడదనే వేసింది. చిన్నప్పటి నుంచి నలుగురిలో గొప్పగా విన్న పనితనం ఆ రోజు ఆమెతో దాగుడుమూతలు ఆడింది.

అయిదూ పారేయొచ్చు. అలా చేస్తే కంపెనీ పట్టీ లేకుండా కంపెనీ జట్టు మొదటి పోటీకి దిగాలి. ఎందుకని అడుగుతారు. అతుకున్నది నీకెలా తెలుసంటారు. మగ్గం మీద పనిచేసే మా బాపు చెప్పాడనాలి. ఎదురు సీట్లో చిరంజీవి కాళ్ళు చాపుకుని, నీరజా మీ నాన్నగారి డిజైన్లు అదిరిపోయాయి అంటున్నాడు.

ఆమె సంచి మూసేసింది.

మంగళూరులో ఫోన్ మోగింది. రాజనర్సు అరుస్తున్నట్టే అడిగాడు, ఆ ముక్క ఏం చేశావని. పారేసిన బాపు, అంది. మంచి పని చేసినవ్ బిడ్డా అన్నాడు. ఆ పోటీలో చిరంజీవి నాలుగుసార్లు నీళ్ళలోకి దిగాడు, నాలుగుసార్లూ నీరజ ఒడ్డున గోళ్ళు కొరుక్కుంది. వాడు పడినప్పుడల్లా బోర్డు వాడి కాలి దగ్గరే తేలింది. మూడో స్థానం వచ్చింది. ఆగస్టులో మహాబలిపురం దగ్గర రెండో పోటీ. అక్కడ మొదటి రోజు భయపడింది, రెండో రోజు ఫొటోలు పెట్టడంలో పడిపోయింది. చిరంజీవి కప్పు గెలిచాడు. ఉప్పునీళ్ళు మాత్రం తమ పని తాము చేసుకుపోయాయి. అక్టోబరులో సువాలీకి వచ్చేసరికి ఆమె భయపడడం కూడా మరిచిపోయింది.

* * *

మధ్యాహ్నానికి ఆసుపత్రిలో చిరంజీవి భుజం గూట్లో పెట్టి కట్టుకట్టారు. ఆరు నెలలు నీళ్ళు ముట్టకూడదన్నారు. వచ్చే నెల పోటీ పోయింది. ఆ తరవాత ఆ భుజం మునుపటిలా తెడ్డు వేస్తుందో లేదో అప్పుడే చెప్పలేమన్నారు. నీరజ మంచం పక్కన నిలబడి వింది. జేబులో ఆ ముక్క ఇంకా తడిగానే ఉంది.

"ఏటి, అలా సూస్తన్నావు," అన్నాడు వాడు గొంతు బొంగురుపోయి. "సచ్చిపోనేదు గదా. మీ ఊరి టీ తాగినాను, అంతే."

ఆమె నవ్వలేకపోయింది. వాడు చూపు పైకప్పు వైపు తిప్పాడు.

"దిగేముందు లీష్ లాగి సూసుకోడం మా అయ్య నేర్పిన అలవాటు. ఏ రోజూ మాన్నేదు. ఇయాల కంపెనీ పేరు కెమెరాకి కనబడాలని నువ్వే కట్టినావు గదా. నువ్వు కట్టినావు గదా అని సూడనేదు."

అందులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది.

అక్కడి నుంచి నేరుగా కార్ఖానా ఆఫీసుకు పోయింది. భోజనాల వేళ, గదిలో ఎవరూ లేరు. డుమస్ ఫొటోలున్న ఫోల్డరు తెరిచింది. పరమేశ్ కంపెనీ కెమెరాతోనే తీశాడు, వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి కార్డు ఖాళీ చేసింది తనే, ఇంకెక్కడా నకలు లేదు. వందల ఫొటోల్లో రెండు చూసింది. మొదటిదాంట్లో అయిదో పట్టీ పక్కన ఎర్ర దారం స్పష్టంగా ఉంది. రెండోదాంట్లో ఆ దారం చివర ఒక చెయ్యి ఉంది. చూపుడువేలికి తల్లి ఇచ్చిన రాగి ఉంగరం.

రెండూ చెరిపేసింది. కంప్యూటర్లోని చెత్తబుట్ట కూడా ఖాళీ చేసింది. జేబులో ముక్కను దాచడం కుదరదని అప్పటికి అర్థమైంది, దాని రెండో సగం చిరంజీవి కాలికే ఉండిపోయింది, ఆసుపత్రివాళ్ళు విప్పి పరమేశ్ చేతికిచ్చారు. తన దగ్గరున్న సగాన్ని కూడా తెచ్చి సేటు బల్ల మీద పెట్టి, ఒడ్డున దొరికిందని చెప్పింది. అంత చేసీ ఒక్క సంగతి ఆలోచించలేదు. ఆ రెండు ఫొటోలు ఆమెను పట్టించేవే. తండ్రి ఎర్ర దారం వేశాడని చెప్పే సాక్ష్యం కూడా అవే. వాటితోపాటు తండ్రి నిర్దోషిత్వాన్ని కూడా చెరిపేసింది.

* * *

మర్నాడు పది గంటలకు మగ్గాలు ఆపేశారు.

ఆ కార్ఖానాలో అంత నిశ్శబ్దం ఎవరూ ఎరగరు. ఇరవైమంది నేత పనివాళ్ళు చెవుల్లో దూది తియ్యకుండానే వరుసగా నిలబడ్డారు. ముందు జిగ్నేష్‌భాయ్, పక్కన అనురాధ. పట్టీలు కొనబోయే చెన్నై కంపెనీ తరఫున వాటిని పరీక్షించడానికి ఆ ఉదయమే దిగింది. తెగిన రెండు సగాలనూ భూతద్దం కింద పెట్టి చూసి, ఇది అతుకు దగ్గరే తెగిందని తేల్చేసింది. ఆమెకు కావలసింది ఒక్క జవాబు. తప్పు మనిషిదా, కార్ఖానాదా? మనిషిదైతే మనిషిని తీసేయండి, సరుకు మళ్ళీ చూస్తాం. కార్ఖానాదైతే మాకూ మీకూ సంబంధం లేదు. మనిషిదే అయ్యుండాలని సేటు ముందే నిశ్చయించుకున్నాడు. ఆ మాట ఆయన నిలబడిన తీరులోనే ఉంది.

ఫ్లోర్ మాస్టర్ కమలాకర్ పట్టీ ముక్కను పైకెత్తి చూపించాడు. రాజనర్సు వైపు తిరిగాడు. ఇద్దరూ ఒకే రైల్లో సూరత్ దిగినవాళ్ళు.

"రాజనర్సన్నా, గీ రంగు పట్టీ నీ మగ్గం మీదనే నేసిన్రు. గీ ముడి నీదే. సూరత్ల ఇంకెవ్వనికి రాదు గిసొంటి ముడి. ఎర్ర దారమేది?"

నీరజ ఆఫీసు గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో ఫైలు ఉంది, ఎందుకు పట్టుకుందో తెలియదు.

రాజనర్సు ముక్కను అందుకున్నాడు. కళ్ళజోడు నుదుటి మీది నుంచి దించుకుని, తెగిన అంచును వేలితో ఒక్కసారి రాశాడు. నిన్న ఆమె ఎలా రాసిందో అలాగే. నెమలిపింఛం రంగులో అప్పటికి పడ్డ అతుకు ఒక్కటే. అది ఎవరి చేతికిచ్చాడో ఆయనకు తెలుసు. పారేసిన బాపు, అన్న మాటా గుర్తుంది. తల ఎత్తలేదు. గుమ్మం వైపు చూడలేదు. ఎందుకు చూడలేదో నీరజకు అర్థమైంది. చూస్తే మిగతావాళ్ళు కూడా చూస్తారని చూడలేదు.

"మర్సిపోయిన," అన్నాడు.

ఎప్పుడూ వీధి చివరికి వినిపించే గొంతు. ఆ మాట మాత్రం రెండో వరుసకు కూడా వినబడలేదు. కమలాకర్ మళ్ళీ అడగాల్సి వచ్చింది.

"దారం పెట్టుడు మర్సిపోయిన మాస్టర్. ముసలోన్నయిన, కండ్లు కనవడ్తలెవ్వు. నాదే తప్పు."

వరుసలో కదలిక పుట్టింది. రాజనర్సు దారం మరిచాడంటే ఎవరికీ నమ్మబుద్ధి కావడం లేదు. లింగమూర్తి అనే పక్క మగ్గం ఆయన, మొన్న నా మగ్గం మీద దారం లేదని లేపి తిట్టినోడు మర్సుడేంది అని గొణిగాడు. కమలాకర్ చెయ్యెత్తి ఆపాడు. ఒప్పుకున్నాక ఇంకేముంది.

జిగ్నేష్‌భాయ్ హిందీలో తీర్పు చెప్పేశాడు. రాజనర్సు ఈ క్షణం నుంచి పనిలో లేడు. ఆయన ఫొటో, పేరు గేటుకు అంటిస్తారు. పట్టీలు నేసే కార్ఖానాల ఓనర్లందరికీ ఉన్న వాట్సాప్ గ్రూపులో కూడా పెడతారు, పాండెసరాలో గానీ ఇంకెక్కడ గానీ ఈ చేతులకు మగ్గం ఇవ్వొద్దని. ఆసుపత్రిలో ఉన్న సర్ఫర్ కేసు పెడితే పోలీసులకు చూపించే పేరు కూడా ఇదే. ఆఫీసులోంచి ఫోన్ తెచ్చి ఫొటో తీయమని నీరజకే పురమాయించాడు. కంపెనీ ఫొటోలన్నీ ఆమె చూసుకుంటుంది కదా మరి.

ఆమె ఫోన్ పట్టుకుని తండ్రి ముందు నిలబడింది.

తెర మీద రాజనర్సు కనిపించాడు. చొక్కా భుజాల మీద దూది పొట్టు. ఎదురుగా నిలబడింది ఎవరో తెలియనట్టు చూపు దాటేశాడు. ఫొటో దిగాలి కాబట్టి, అలవాటుకొద్దీ చేత్తో తల సవరించుకున్నాడు. ఇరవై ఆరేళ్ళలో ఈ మనిషి ఫొటో కంపెనీ తీయడం ఇదే మొదలు. చిరంజీవి కాళ్ళు, బోర్డులు, పట్టీలు, ఇసుక, కప్పు, వేల ఫొటోలు తీయించి ఊరూవాడా చూపించింది తను. పట్టీ నేసిన చేతులు ఒక్కదాంట్లోనూ లేవు. అవి కనబడతాయేమోననే కదా రైల్లో సంచి మూసింది.

నొక్కాల్సిన వేలు మీద రాగి ఉంగరం ఉంది.

ఏమైంది, తొందరగా కానీ అని సేటు విసుక్కున్నాడు. అనురాధ గడియారం చూసుకుంది. నీరజ లెక్క వేసుకుంది. ఎర్ర దారం ఇసుకలో కలిసిపోయింది. ఫొటోలు చెరిగిపోయాయి. తండ్రి నోటితో ఒప్పుకున్నాడు. ఇక ఈ భూమి మీద తనను పట్టించగలిగింది ఏదీ లేదు. నోరు ఒక్కటి తప్ప.

ఫోన్ దించేసింది.

"సేట్, ఒక్క నిమిషం," అంది హిందీలో. గొంతు పైకి లేవలేదు. మగ్గాలు తిరుగుతూ ఉంటే ఎవరికీ వినపడకపోయేది. ఆగి ఉన్నాయి.

రాజనర్సుకు సగం చెవులతోనే విషయం అర్థమైపోయింది. ఒక అడుగు ముందుకు వేశాడు.

"అది పిల్ల సేటూ, దానికేం ఎర్క లేదు. నువ్ లోపటికి పో బిడ్డా."

"ఎర్కే బాపు," అంది.

హిందీలోనే చెప్పింది, సేటుకూ అనురాధకూ ఒక్క ముక్క కూడా తప్పిపోకుండా. ఫొటో కోసం అడిగి తెచ్చుకున్న ముక్క గురించి చెప్పింది. ఇసుక మీద పీకేసిన దారం, రత్నగిరి సొరంగం, మూసిన సంచి, మంగళూరు ఫోన్లో ఆడిన అబద్ధం, నిన్న మధ్యాహ్నం చెరిపేసిన రెండు ఫొటోలు, దేన్నీ వదల్లేదు. తెలియక జరిగిందని తప్పించుకునే సందు మాటమాటకీ ఎదురైంది. దూరలేదు. ఆమె చెబుతున్నంతసేపూ పనివాళ్ళు ఒక్కొక్కరే చెవుల్లోంచి దూది తీసేశారు. కమలాకర్ చేతిలో ముక్కను కిందికి దించాడు. రాజనర్సు ఇప్పుడు ఆమెనే చూస్తున్నాడు. ఆ చూపులో కోపం ఉందేమోనని వెతికింది. లేదు. పనిలో తప్పు పడ్డ గుడ్డను చూసినప్పటి బాధ ఉంది.

జిగ్నేష్‌భాయ్ పక్కనున్న బల్ల దగ్గరికి నడిచాడు. గేటుకు అంటించే కాగితం ముందుకు లాక్కుని, పెన్ను తీసి, అయితే ఎవరి పేరు రాయాలో అందరూ వినేలా చెప్పమన్నాడు.

నీరజ వరుస వైపు తిరిగింది. ఈసారి తెలుగులో, మగ్గాలు తిరుగుతున్నప్పుడు తండ్రి మాట్లాడినట్టు, వీధి చివరికి వినిపించేలా చెప్పింది.

"దారం మా బాపు పెట్టిండు. పీకింది నేను, తెల్సి దాచింది నేను. నా పేరు రాయున్రి. నీరజ. మూడో నంబరు మగ్గం రాజనర్సు బిడ్డ నీరజ."